పూలబుట్టకు కట్టిన చీటీ

మొన్న పింఛను పనిమీద బ్యాంకుకు వెళ్ళి తిరిగి వస్తుంటే తెనాలి చౌకులో షామియానా కనిపించింది. ఎవరో సేవాసంఘం వాళ్ళు జబ్బుపడిన పేదవాళ్ళ సహాయం కోసం పూల సంత పెట్టారట. ఎండకు కాసేపు నీడన నిలబడదామని లోపలికి వెళ్ళాను గాని, వెళ్ళినవాణ్ణి తొందరగా బయటికి రాలేకపోయాను. చామంతులు, కనకాంబరాలు, ఎక్కడో చల్లటి ఊళ్ళలో పెంచి తెచ్చిన పేరు తెలియని పూలు, వాటన్నిటి పక్కన ఒక మూలగా, ఈ రోజుల్లో ఎవరూ పెద్దగా అడగని ఊదారంగు డిసెంబరు పూల దండలు. ఒక్కో దండా ఒక్కో ప్లాస్టిక్ సంచిలో ఉంది. సంచిమీద కట్టినవాళ్ళ పేరూ ఊరూ అచ్చువేసిన చిన్న కాగితం అతికించారు. జనం వస్తున్నారు, సంచి తీసుకుంటున్నారు, పోతున్నారు. ఆ కాగితం చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను మాత్రం కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కటే చదువుతూ నిలబడ్డాను. బల్ల వెనకనున్న అమ్మాయి కాసేపు నన్ను చూసి, "తాతగారూ, పూలెవరికండీ?" అని అడిగింది. ఇంకో సంచి తిప్పి కాగితం చదివాను.

నాకు పదహారో ఏటినుంచి డైరీ రాసే అలవాటు. ఆ రోజు ఎండా మబ్బా, కాలవకు నీళ్ళు వదిలారా లేదా, ఇంటికి ఎవరు వచ్చారు, నేను ఎక్కడికి వెళ్ళాను, రైలు వేళకు వచ్చిందా, ఇవన్నీ ఒక వరుసలో రాసుకుంటాను. నవ్వేవాళ్ళు నవ్వారు గాని, ఆ పుస్తకాలన్నీ ఇప్పటికీ ఏడాదివారీగా బీరువాలో ఉన్నాయి. ఇంటికి వచ్చి అరవై ఎనిమిదో సంవత్సరం పుస్తకం తీశాను. డిసెంబరు నెలలో ఒక బుధవారం పేజీలో ఇలా ఉంది: "ఆకాశం నిర్మలం. ఉదయం మంచు. చౌకులో పూల సంత. జనం బాగా వచ్చారు." అంతే. కింద సగం పేజీ ఖాళీ. ఆ ఖాళీలో రాయవలసింది ఏమిటో ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకు ఇన్నాళ్ళు రాయలేదో కూడా చెబుతాను.

అప్పటికి నాకు ఇరవై ఒకటి. తెనాలిలో ఒక ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాని. నాన్న తాలూకా కచేరీలో పనిచేసి రిటైరయ్యారు. అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. రేపల్లె ఇచ్చాము. పెళ్ళయిన రెండో ఏడే బావ టైఫాయిడ్‌తో పోయాడు. పిల్లలు లేరు. పదో రోజు కార్యక్రమాలన్నీ అయ్యాక నాన్న వెళ్ళి అక్కను తీసుకువచ్చేశారు.

మీలో డెబ్భై దాటినవాళ్ళకు ఆ రోజుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మా వీధిలో ఏ ఇంట్లో పేరంటమైనా పూలు కట్టడానికి అక్కనే పిలిచేవారు. అరటినారను నీళ్ళలో తడిపి, గోటితో సన్నగా చీల్చి, రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి ముడి వేస్తూ ఉంటే, మాటల్లో ఉండగానే దండ ఒళ్ళోంచి జారి నేలమీద చుట్టలు చుట్టుకునేది. కొలత ఆమె మోచేతితోనే. అక్క చేతులు పొడుగు. ఆమె మూర అంటే బజారు మూరకు నాలుగు వేళ్ళు ఎక్కువే ఉండేది. అలాంటిది రేపల్లెనుంచి తిరిగి వచ్చాక ఎవరూ పిలవలేదు. ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు, ఊరికే పిలవడం మానేశారు. మా పెరట్లో కనకాంబరాలు పూసి, ఎండి, మొక్కమీదే రాలిపోయేవి. రెండేళ్ళపాటు అక్క చేతులు బియ్యం ఏరాయి, పిడకలు సర్దాయి, నా చొక్కాలకు గుండీలు కుట్టాయి. పూలు మాత్రం ముట్టుకోలేదు.

మా వీధి చివర క్రైస్తవ మిషను బడి ప్రధానోపాధ్యాయురాలు ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఊరంతా ఆమెను టీచరమ్మగారనే పిలిచేవారు. అక్క ఆమె దగ్గరే చదువుకుంది. ఒంటరి ఆడవాళ్ళకు కుట్టుపనీ చేతిపనులూ నేర్పే శిక్షణాలయం ఒకటి బాపట్లలో పెడుతున్నారు. గోడలు లేచాయి గాని వాళ్ళు ఉండే హాస్టలుకు కప్పు లేదు. ఆ కప్పు కోసం తెనాలి చౌకులో పూల సంత పెట్టాలని టీచరమ్మగారి ఆలోచన. కప్పు పడగానే మొదటి జట్టులో అక్కకు చోటు ఇప్పిస్తానని ఆమె మా ఇంటికి వచ్చి మరీ చెప్పింది. దరఖాస్తు నేనే నా చేత్తో నింపాను. తండ్రి సంతకం దగ్గర మాత్రం ఖాళీ. నాన్న కాదనలేదు. సంత అయిపోనివ్వండి చూద్దాం అన్నారు. ఎందుకంటే అప్పటికే రేపల్లెనుంచి ఉత్తరాలు వస్తున్నాయి. అక్క అత్తగారు పక్షవాతంతో మంచం పట్టింది. కోడలు ఉండగా పరాయివాళ్ళ చేత చేయించుకోవడమేమిటని వాళ్ళ మాట. అంటే అక్క ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి బాపట్ల, రెండోది రేపల్లె. మూడోది లేదు.

సంత పనులు చూడటానికి టీచరమ్మగారు నన్ను పిలిచింది. నాలుగు ముక్కలు నీటుగా రాయగలవాడు, వరుసగా ఆలోచించగలవాడు కావాలంది. పొంగిపోయాను. ఆమె శనివారం అనుకుంది. నేను పంచాంగం తీసుకువెళ్ళి, మార్గశిరమాసం కదండీ, గురువారం గురువారం ఇంటింటా లక్ష్మీపూజ ఉంటుంది, ముందురోజు బుధవారం పెడితే పూలు మిగిలే ప్రశ్నే లేదని వివరించాను. ఆమె నా తెలివికి మెచ్చుకుని బుధవారానికే ఒప్పుకుంది. ఏ బల్ల ఎక్కడ, ఏ బల్లమీద ఏ పూలు, ఎవరు కూర్చుంటారు, నీళ్ళ బిందెలు ఎక్కడ, అన్నీ గీతలు గీసి కాగితంమీద పెట్టాను. కొల్లూరు లంకలనుంచి అరటినారా చామంతులూ తెచ్చే బండి ఎన్ని గంటలకు బయలుదేరాలో కూడా రాశాను.

అక్క వచ్చి పూలు కట్టడానికి నాన్న ఒక షరతుమీద ఒప్పుకున్నారు. బల్లముందు కూర్చోకూడదు, వెనక పరదా చాటున కట్టాలి. టీచరమ్మగారికి ఆ షరతు నచ్చలేదు గాని, బాపట్ల సంతకం ముఖ్యమనుకుని ఊరుకుంది.

ఆ ఉదయం ఇంకా నా కళ్ళముందే ఉంది. చౌకు నాలుగువైపులా మంచు కమ్ముకుని, మంచులోంచి ముందు వాసన వచ్చింది, తరవాత రంగులు వచ్చాయి. మరువం, కాగడా మల్లెలు, తడిసిన చామంతులు. మామూలు రోజుల్లో రిక్షాలూ ఎడ్లబండ్లూ కిక్కిరిసే చోట నీళ్ళు చల్లి, ముగ్గులు వేసి, బల్లలు పరిచారు. డాక్టరుగారి భార్య గులాబీల బల్ల దగ్గర నిలుచుంటే ఒక ముసలి రైతు చుండూరునుంచి బస్సు దిగి తిన్నగా ఆమె దగ్గరికే వచ్చి, "ముళ్ళు తీసి ఇస్తారాండీ, తియ్యకుండానేనా?" అని అడిగాడు. ఆమె తెల్లబోయింది. "మా ఇంట్లో ఇప్పటికే ఒక ముల్లుందండీ, రెండోది భరించలేను" అని తానే నవ్వి, గులాబీ చెవిలో పెట్టుకుని చౌకంతా తిరిగాడు. అంత పెద్దమనిషి అలా తిరుగుతుంటే అందరికీ హుషారు వచ్చింది.

పరదా వెనక అక్క, మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చాపమీద కూర్చుని కడుతున్నారు. అక్క డిసెంబరు పూలు తీసుకుంది. వాటికి వాసన ఉండదు, వాడిపోతే ముద్దయిపోతాయి. చేతిలో నేర్పు లేనివాళ్ళు వాటి జోలికి పోరు. ఊదాపూల మధ్య నాలుగేసి కాగడా మల్లెలు, మళ్ళీ ఒక మరువం రెమ్మ, ఇలా వరుస తప్పకుండా కట్టింది. రెండేళ్ళ తరవాత పట్టుకున్న నార. మొదటి రెండు ముడులూ జారిపోయాయి. మూడోది బిగిసింది. నాలుగో దండ దాకా వచ్చేసరికి మళ్ళీ పాత వేగం. మూర కొలుస్తుంటే టీచరమ్మగారు పరదా పక్కనుంచి తల పెట్టి, "ఇదేం మూరమ్మా, కొన్నవాళ్ళు రెండు జడలకి సరిపెట్టుకుంటారు. హాస్టలుకి కప్పు వద్దా ఏంటి?" అంది. అక్క నవ్వింది. గట్టిగానే నవ్వింది. పరదా ఇవతల బల్లలు సర్దుతున్న నాకు ఆ నవ్వు వినిపించి, ఎవరిదా అని ఒక్క క్షణం ఆలోచించవలసి వచ్చింది. రెండేళ్ళలో అంత మరిచిపోయాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మా ఆఫీసులో ఏ కాగితం తయారైనా అడుగున తయారు చేసినవారి పేరు ఉండాలి. ఆ పద్ధతి నాకు చాలా నచ్చేది. పనికి మనిషి పేరు ఉండటం న్యాయమనిపించేది. అందుకని ముందురోజే తెల్లటి అట్టముక్కలు కత్తిరించి, నల్లసిరాతో, నా మంచి చేతిరాతతో ప్రతి బుట్టకూ ఒక చీటీ రాశాను. పూలపేరు, దాని కింద "కట్టినవారు" అని, పేరూ ఇంటిపేరూ వీధిపేరూ. రేపు బాపట్లనుంచి వచ్చే పెద్దలు బల్లలు చూస్తారు, ఈ పనితనం ఎవరిదో తెలియాలి, అక్క పేరు వాళ్ళ కంట పడాలి అనుకున్నాను. పరదా ఎందుకు కట్టామో తెలిసీ, ఆ పరదాకు ఇవతల బుట్టకు ఆమె పేరు నా చేత్తోనే వేలాడదీశాను. ఆ పేరు చదివితే ఏమవుతుందో ఎందుకు తోచలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నాకు ఆమె అక్క. పరదా నాన్న పట్టుదల కోసం కట్టిన గుడ్డ. అంతకుమించి నా బుర్రకు ఎక్కలేదు.

తొమ్మిదిన్నర, పది దాకా అక్క దండలే ముందు అయిపోతూ వచ్చాయి. మా వీధి మేష్టారుగారి భార్య, నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి, రెండు మూరలు తీసుకుని వెళ్ళినావిడ పక్కింటి ఇద్దరినీ వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. "ఎవరు కట్టారో గానండీ, ఆ చేతికి దణ్ణం పెట్టాలి. ఎవరిదబ్బాయ్ ఈ పనితనం?" అని నన్నే అడిగింది. నేను గర్వంగా చీటీ చూపించాను.

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. తరవాత నా ముఖం చూసింది. కోపం లేదు, నిజంగా జాలే ఉంది. "అయ్యో నాయనా, రేపు అమ్మవారికి కదా ఇవి" అని, చేతిలో దండ ఎంతో నెమ్మదిగా బల్లమీద పెట్టింది, పసిపిల్లను పడుకోబెట్టినట్టు. పక్కనావిడ కూడా పెట్టేసింది. వాళ్ళ వెనక పెళ్ళయి ఆరునెలలైనా కాని ఒక అమ్మాయి ఉంది. "ఏంటి పిన్నీ, ఏంటి?" అని అడిగింది. ఆవిడ చెవిలో చెప్పింది. "నేను తల్లో పెట్టేసుకున్నానే!" అంటూ ఆ పిల్ల జడలోంచి దండ లాగిన తీరుకు రెండు ముడులు తెగి, ఊదాపూలు ముగ్గుమీద రాలాయి.

అప్పటికీ నాకు అర్థం కాలేదంటే నమ్మండి. కొలత తేడా వచ్చిందేమోననుకున్నాను. జేబులోంచి నోటుపుస్తకం తీసి, తిరిగి ఇచ్చిన సరుకు అని ఒక శీర్షిక రాసి, పక్కన కారణం అని గడి గీశాను. ఆ గడిలో ఏం రాయాలో అడగబోతూ తలెత్తి చూసేసరికి మరో నలుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. ఎవరూ డబ్బులు తిరిగి అడగలేదు. అడిగితే కాస్త తేలికపడేవాణ్ణి. "ఏమనుకోకబ్బాయ్", "మా అత్తగారు ఊరుకోరు", "మాకేం లేదు గాని పూజ కదా" అంటూ ఒక్కొక్క దండా తెచ్చి బల్లమీద పెట్టి పోతున్నారు. నేను పంచాంగం చూసి మరీ ఏరి కోరి నిర్ణయించిన బుధవారం. శనివారమైతే అవి వట్టి పూలు. సగంమందైనా ఉంచుకునేవారేమో.

పరదా అంటే పలచటి దుప్పటి. అన్నీ వినిపించే ఉంటాయి. టీచరమ్మగారు వచ్చి కుప్పను చూసి, చీటీని చూసి, "ఈ చీటీలెవరు కట్టమన్నారు నాయనా?" అంది. "నేనేనండి" అన్నాను. ఆమె కుప్పలోంచి ఒక దండ తీసి తన నెరిసిన ముడిలో పెట్టుకుంది. ఆమె తలలో పూలు చూడటం అదే మొదలు. వాళ్ళింట్లో పూలు బల్లమీద గాజుగ్లాసులోనే ఉండేవి. సాయంత్రం దాకా ఆ దండతో చౌకు నడిమధ్య నిలబడింది. చూసినవాళ్ళు, వాళ్ళకి ఆ పట్టింపుల్లేవులే అనుకుని పోయారు.

అక్క పరదా తప్పించుకుని బయటికి వచ్చింది. బుట్టకున్న చీటీని రెండు వేళ్ళతో పట్టుకుని చదివింది. "బాగా రాశావురా. నా పేరు ఇంత అందంగా ఎవరూ రాయలేదు" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది. లోపలికి వెళ్ళి, సగంలో ఉన్న దండ పూర్తిచేసి, కొస ముడివేసి, మిగిలిన నారను చుట్టగా చుట్టి పక్కన పెట్టింది. నాకు తెలిసి ఆమె కట్టిన ఆఖరి దండ అది. తిరిగి వచ్చిన పూలను టీచరమ్మగారు పెద్దాసుపత్రిలో వార్డులకు పంచిపెట్టించింది.

సంత మొత్తంమీద బాగానే జరిగిందనే చెప్పుకున్నారు. హాస్టలుకు కప్పూ పడింది. కానీ మర్నాడు టీచరమ్మగారు దరఖాస్తు సంగతి మాట్లాడటానికి వస్తే నాన్న ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాము నిలబడే మాట్లాడారు. "మీ మంచితనం కాదననండి. ఇన్నాళ్ళూ మా కష్టం మా గడపలోపల ఉంది. నిన్న చౌకులో పడింది. ఇంకో ఊళ్ళో పడెయ్యలేనండి" అన్నారు. నాన్న కఠినుడు కాదు. ఆ మాట అంటూ కండువా మడత విప్పి మళ్ళీ మడత పెట్టడం నేను చూశాను. అమ్మ పెరట్లోకి వెళ్ళి, ముందురోజుకని అరటినార నానబెట్టిన గోలెం వంచేసింది. ఆ మధ్యాహ్నమే రేపల్లెకు ఉత్తరం వెళ్ళింది.

వారం తిరక్కుండా అక్కను దిగబెట్టడానికి నేనే వెళ్ళాను. తెనాలిలో ఎక్కితే రేపల్లె చివరి స్టేషను, ఆపైన పట్టాలు లేవు. వేమూరు దాటాక కిటికీలోంచి కోసిన చేలు చూస్తూ అక్క, "ఒరేయ్, తప్పంతా నాదే అని డైరీలో రాసుకుంటావేమో, రాయకు. నువ్వు ఏదైనా రాసుకుంటే అదే పట్టుకు కూర్చుంటావు" అంది. సరేనన్నాను. ఆ పేజీ ఖాళీగా ఉండటానికి కారణం అది. రాయకపోతే పట్టుకు కూర్చోననుకుంది పిచ్చిది.

డెబ్భై రెండులో నన్ను బాపట్ల బదిలీ చేశారు. నేను అద్దెకు తీసుకున్న గదినుంచి ఆఫీసుకు వెళ్ళే దారిలోనే ఆ శిక్షణాలయం. సాయంత్రాలు హాస్టలు వరండాలో ఆడవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ, ఒకరి జడ ఒకరు అల్లుకుంటూ కనిపించేవారు. చుట్టుతిరుగుడైనా వేరే దారిన వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. పండక్కో పబ్బానికో రేపల్లె వెళితే అక్క ఒకేఒక్కసారి అడిగింది, కప్పు రేకులతో వేశారా పెంకులతోనా అని. పెంకులేనన్నాను. "అయితే ఎండాకాలం చల్లగా ఉంటుంది" అని, అత్తగారిని పక్కకు తిప్పడానికి లేచింది. ఆ ఇంటి పెరట్లో కూరపాదులు ఉన్నాయి, వేపచెట్టు ఉంది. పూలమొక్క ఒక్కటి లేదు. నేను ఒకసారి డిసెంబరు పూల కొమ్మ తీసుకువెళ్ళాను. ఎందుకురా అంది. తిరిగి తెచ్చేశాను.

అత్తగారు తొమ్మిదేళ్ళు మంచంమీద బతికింది. ఉప్పెన వచ్చిన డెబ్భై ఏడులో, నీళ్ళూ గాలీ తగ్గాక నేను వెళ్ళేసరికి ఇద్దరూ క్షేమంగానే ఉన్నారు. ఆ తరవాత మూడు నెలలకు అత్తగారు పోయింది. అక్కకు అప్పటికే ఆయాసం మొదలైంది. ఏడాదిన్నరకు ఆమె కూడా పోయింది, ముప్ఫైఅయిదో ఏట. కబురందుకుని వెళ్ళేసరికి ముంగిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి పూలు వేస్తున్నారు, చామంతులు, బంతులు, ఎవరో మల్లెలు కూడా. నుదుట బొట్టు లేని ఆ మనిషిమీద ఆ రోజు పూలు వెయ్యడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆ దండలు చాలా వదులుగా కట్టారు. పాడె లేపగానే ముడులు ఊడిపోయి దారి పొడుగునా రాలుతూనే ఉన్నాయి.

మొన్న షామియానా కింద ఆ అమ్మాయి అడిగినదానికి చివరికి, "మా అక్కకమ్మా" అన్నాను. "అక్కగారికా! ఈ వయసులో కూడా పెట్టుకుంటారాండీ, భలే!" అని మురిసిపోయింది. పెట్టుకోదమ్మా, కట్టేది అన్నాను. ఆ పిల్లకు అర్థంకాలేదు. వెనక ఇంకెవరో తొందరపడుతున్నారు. సంచి నా చేతిలో పెట్టింది.

లోకం చాలా మారిందని నా ఈడువాళ్ళు అంటూ ఉంటే తల ఊపుతాను. మారినమాట నిజమే. ఇప్పుడు ప్రతి దండకూ పేరు అచ్చువేస్తున్నారు, ఏ దండా వెనక్కి రావడం లేదు. మనుషుల మనసులు పెద్దవయ్యాయని మాత్రం ఆ గంటసేపు నిలబడి చూసినదాన్నిబట్టి చెప్పలేను. చీటీ చదివే తీరిక పోయింది, అంతే. ఆ బుధవారంనాడు చదివిన ఆడవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. టీచరమ్మగారు లేదు, అమ్మా నాన్నా లేరు. నేను తెచ్చిన డిసెంబరు పూలు రెండోరోజుకే ముద్దయిపోయాయి. ఇంట్లో పెట్టుకునేవాళ్ళు లేరు, అమ్మవారి పటానికి వేద్దామంటే ఎందుకో చెయ్యి రాలేదు. సంచిమీది కాగితం ఊడదీసి అరవై ఎనిమిది పుస్తకంలో, ఆ ఖాళీ సగం పేజీలో పెట్టాను. అక్కడ ముందే ఒక అట్టముక్క ఉంది, నల్లసిరా గోధుమరంగుకు తిరిగింది. చేతిరాత మాత్రం ఇప్పటికీ బాగుంది.